గుట్ట మీద సిగ్నలు

ఏం తప్పు జరిగిందో సరిగ్గా చెప్పడం కష్టం. ఏదో ఒకటి చెప్పి పంపించెయ్యడం సులువు. డెయిరీ యాప్ రాసేటప్పుడు రోజా ఆ సులువైన దారే పట్టింది. సర్వరు పలకకపోయినా, పలికి కాదు పొమ్మన్నా, పాస్‌వర్డ్ తప్పయినా, మరింకేదయినా సరే, ఫోన్ తెర మీద ఒకటే మాట వచ్చేలా పెట్టింది: "నెట్‌వర్క్ లేదు. సిగ్నల్ ఉన్న చోటికి వెళ్ళి మళ్ళీ ప్రయత్నించండి." ఆ రోజు శనివారం. ఆకలి దంచేస్తోంది. మిగతా మాటలు తర్వాత విడివిడిగా రాసుకోవచ్చులే అనుకుంది. ఆ తర్వాత అనేది మళ్ళీ రాలేదు. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్ళు తర్వాత అన్నారంటే ఆ పనికి నీళ్ళొదులుకోవచ్చు.

రోజా ఉద్యోగం మదనపల్లెలో, ఒక బట్టల కొట్టు పైనున్న చిన్న ఆఫీసులో. ఓనరు ప్రవీణ్. కుప్పంలో హెడ్డాఫీసు ఉన్న ఒక పాల డెయిరీకి వీళ్ళే యాప్ చేసిచ్చారు. ఊళ్ళలో పాల సెంటర్లు నడిపేవాళ్ళు, ఎవరు ఎన్ని లీటర్లు పోశారో, వెన్న ఎంతుందో అక్కడికక్కడే ఫోన్లో ఎక్కించాలి. అది ఆ క్షణమే కుప్పం చేరాలి. కుప్పం చుట్టుపక్కల సెంటర్లలో పరీక్షించి చూస్తే అంతా బ్రహ్మాండంగా పనిచేసింది. ప్రవీణ్ ఆఫీసులో అందరికీ బిర్యానీ కూడా పెట్టించాడు.

అయితే మూడు వారాలుగా ఒక్క ఊరినుంచి మాత్రం ఒక్క లెక్కా చేరడం లేదు. పుంగనూరు దాటి చౌడేపల్లె వైపు వెళితే వచ్చే గుట్టకిందపల్లె. అక్కడ సెంటరు నడిపేది ఈశ్వరమ్మ.

"నెలాఖరులోగా తేలకపోతే ఆ సెంటరు ఆమె దగ్గర తీసేసి, రోడ్డు మీదుండే నారాయణస్వామిగారింటికి మారుస్తారంట," అన్నాడు ప్రవీణ్. "నువ్వొకసారి పొయ్యి సూసి రా. ఆమెకు ఫోన్ వాడేది రాదేమో. ఆపరేటర్ పొరపాటు అని ఒక లైను రాసిచ్చేస్తే మన నెత్తి మీద ఉండదు."

రోజా సరేనంది. ఈశ్వరమ్మ ఆమెకు ఫోన్లో తెలిసిన మనిషే. ఈ మూడు వారాల్లో ఎన్నోసార్లు ఫోన్ చేసింది. చేసినప్పుడల్లా, "నెట్‌వర్క్ లేదంటాండాదమ్మా," అనేది. రోజా కంప్యూటర్ మీదినుంచి కళ్ళు తిప్పకుండానే, "ఆడ సిగ్నల్ లేదక్కా. కొంచెం ఎత్తుకు పొయ్యి సూడండి," అనేది. ఈశ్వరమ్మ, "అట్లేలే తల్లీ," అని పెట్టేసేది. ఎత్తు అంటే అక్కడ ఏముందో రోజా ఎప్పుడూ అడగలేదు.

ఆ ఎత్తు ఏమిటో ఊళ్ళో ఆటో దిగగానే కనబడింది. కాలనీ వెనక నున్నటి బండరాళ్ళ గుట్ట. దాని మీదినుంచి ఒకావిడ ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో చీర కుచ్చెళ్ళు పట్టుకుని, కూర్చుంటూ లేస్తూ దిగుతోంది. కుడి మోకాలికి గుడ్డ కట్టి ఉంది. కిందికొచ్చి, రోజా మెడలో వేలాడుతున్న ఆఫీసు కార్డు చూసి, మొహమంతా నవ్వు చేసుకుంది.

"నువ్వేనా పాపా ఫోన్లో మాట్లాడేది? గొంతును బట్టి పెద్దదానివనుకుంటి," అంది ఈశ్వరమ్మ. "పొద్దన పాల లెక్క, సాయంత్రానికి పైకి పొయ్యి ఎక్కిద్దామని సూస్తిని. ఆడ నాలుగు గీతలూ వస్తాయి. అయినా నెట్‌వర్క్ లేదనే అంటాది. ఇంగా పైకి పోవాలేమో, ఆడికి నాకు సేతకాదు."

"మోకాలికేమయిందక్కా?"

"వానకు బండ జారింది. అది సరేలే. కాఫీ తాగుదువు రా."

సెంటరంటే ఈశ్వరమ్మ ఇంటి ముందు వేసిన రేకుల వసారా. తూకం, వెన్న చూసే మిషను, కడిగి బోర్లించిన క్యాన్లు, గోడకు గుండ్రటి గడియారం. ఈశ్వరమ్మ నలభయ్యేళ్ళు వచ్చేదాకా నారాయణస్వామి టమోటా తోటల్లో కూలి చేసింది. తర్వాత ఒక ఆవును కొనుక్కుంది, దాని దూడను పెంచింది, కాలనీలో ఇంకో నలుగురి చేత కొనిపించింది. ఇప్పుడు కాలనీలో ఆవు లేని ఇల్లు లేదు. డెయిరీ సెంటరు ఈమెకిచ్చినప్పుడు ఊళ్ళో కొందరు నమ్మలేదు. కొందరికి నచ్చలేదు.

"స్వామి చెడ్డోడని నేననను," అంది ఈశ్వరమ్మ కాఫీ గ్లాసు చేతికిస్తూ. "కానీ సెంటరు ఆడికి పోతే మా ఆడోళ్ళంతా మళ్ళీ ఆయన వాకిట్లో నిలబడల్ల. ఆయన కాఫీ తాగొచ్చేదాకా నిలబడల్ల. ఈడైతే నేను వాళ్ళ కోసం నిలబడతా. అంతే తేడా పాపా."

రోజా గంగవరం దగ్గర పల్లెలో పుట్టింది. వాళ్ళమ్మ కూడా అట్లా ఎవరి వాకిట్లోనో నిలబడిన మనిషే. ఆ తేడా ఏమిటో ఆమెకు ఎవరూ విడమర్చి చెప్పాల్సిన పని లేదు. గబగబా కాఫీ తాగేసి పనిలో పడింది.

ముందు తన ఫోన్ తీసి చూసింది. ఆ వసారాలోనే నెట్ దివ్యంగా వస్తోంది. వీడియో పెడితే ఆగకుండా ఆడింది. తన ఫోన్లో ఈశ్వరమ్మ పేరుతో యాప్‌లోకి వెళ్ళి ఒక ఉత్తుత్తి లెక్క పంపింది. పోయింది. అదే లెక్క ఈశ్వరమ్మ ఫోన్‌లోంచి పంపింది. నెట్‌వర్క్ లేదు. తన ఫోన్లోని నెట్టునే ఈశ్వరమ్మ ఫోనుకు కలిపి మళ్ళీ పంపింది. నెట్‌వర్క్ లేదు. రెండు ఫోన్లూ ఒకే బల్ల మీద, ఒకే నెట్టుతో పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానికి దొరికిన దారి ఇంకోదానికి దొరకడం లేదు. సిమ్ తీసి పెట్టింది. యాప్ తీసేసి మళ్ళీ వేసింది. ఇది సిగ్నల్ గొడవ కానే కాదని అప్పటికి ఖాయమయింది. మరి గుట్టెందుకు ఎక్కించినట్టు అనే ప్రశ్న కూడా వెంటనే వచ్చింది. దాన్ని కాసేపు పక్కన పెట్టింది.

ఈలోగా ఆడవాళ్ళు పాలు తెచ్చి వరసలో నిలబడ్డారు. ఈశ్వరమ్మ ఒక్కొక్కరి పాలు తూచి, వెన్న చూసి, క్యాన్లో పోసి, లెక్క చీటీ రాసిచ్చింది. అంతా అయిపోయింది. గోడ గడియారం అయిదున్నర చూపిస్తోంది. పాలు తీసుకెళ్ళే డెయిరీ వ్యాను రావాల్సిన టైము అదేనని గోడ మీద సుద్దతో రాసి ఉంది. వ్యాను జాడ లేదు.

"రోజూ ఇట్ల లేటుగానే వస్తాడా?" అంది రోజా.

ఆడవాళ్ళంతా ఒక్కసారిగా నవ్వారు. ఎందుకు నవ్వారో రోజాకు అర్థం కాలేదు. వాళ్ళూ చెప్పలేదు. తీరిగ్గా కూర్చుని ఆమె పెళ్ళి సంగతులు అడగడం మొదలుపెట్టారు. గడియారంలో ఆరు కొట్టేసరికి వ్యాను వచ్చింది. డ్రైవరు హనుమంతు దిగి క్యాన్లు ఎక్కించుకుంటుంటే రోజా మాట వరసకు, "ఏమన్నా, లేటయిందే?" అంది.

హనుమంతుకు రోషం వచ్చింది. "నేనా? ఎప్పుడన్నా లేటయినానేమో వీళ్ళనే అడగండి మేడమ్. అయిదున్నర అంటే అయిదున్నరే."

రోజా తన ఫోన్ చూసుకుంది. అయిదున్నర. గోడ గడియారం చూసింది. ఆరు. బల్ల మీదున్న ఈశ్వరమ్మ ఫోన్ తీసి చూసింది. అదీ ఆరే.

"అక్కా, మీ టైము అరగంట ముందుండాది."

"అది మా ఊరి టైము," అని మళ్ళీ నవ్వింది ఈశ్వరమ్మ. "సెంటరు పెట్టిన కొత్తల్లో ఒకనాడు అందరం నిదానంగా వచ్చినాం. ఈ హనుమంతు నిలబడే రకం కాదు, ఎలబారిపాయ. ఊరి పాలన్నీ విరిగిపాయ. అంత పాలూ కాలవలో పోస్తా ఉంటే సూడలేక ఏడ్సినారు అందురూ. ఆ పొద్దే గడియారాన్ని అరగంట ముందుకు తిప్పినా. నా ఫోనూ తిప్పినా. ఒకరిని సూసి ఒకరు కాలనీ అంతా తిప్పినారు. ఆ పొద్దుటినుంచి ఒక్క పూట వ్యాను తప్పలేదు."

రోజా బల్ల మీద కూర్చుండిపోయింది. ఒక్కొక్కటే గుర్తుకొచ్చి అతుక్కున్నాయి. కొన్ని సెంటర్లలో పాలు పోసిన ఎంతోసేపటికి తీరిగ్గా లెక్కలు ఎక్కిస్తూ, ఫోన్ టైము వెనక్కి తిప్పి వేళకే ఎక్కించినట్టు చూపిస్తున్నారని డెయిరీ ఫిర్యాదు చేసింది. దానికి మందుగా మూడు వారాల కిందట యాప్‌లో ఒక మార్పు చేశారు. ప్రతి లెక్కతో పాటు ఫోన్లోని టైము కూడా సర్వరుకు వెళుతుంది. సర్వరు దాన్ని తన టైముతో పోల్చుకుంటుంది. తేడా కాస్త ఎక్కువుంటే ఆ లెక్కను తిప్పికొడుతుంది. ఆ మార్పు రాసింది రోజానే. ఆలస్యంగా వచ్చేవాళ్ళను పట్టుకోవడానికి వల వేస్తే, అందరికన్నా ముందొచ్చే మనిషి అందులో పడింది.

ఈశ్వరమ్మ ఫోన్లో టైము సరిచేసి, లెక్క పంపింది. పచ్చగా టిక్కు పడింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చప్పట్లు కొట్టినంత పని చేశారు. ఈశ్వరమ్మ ఆ టిక్కును వేలితో తాకి చూసింది.

"మరి ఇన్ని దినాలు యాల పోలా?"

ఇక్కడ రోజా ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. సర్వరు మరమ్మతు అంటే ఎవరూ అడగరు. కానీ ఆ మోకాలి గుడ్డ ఎదురుగా ఉంది. దాన్ని చూస్తూ అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

"రోజూ పోయినాయక్కా. కుప్పం దాకా పొయ్యి, టైము తప్పని ఆడ వాకిట్లోనుంచి తిరిగొచ్చినాయి."

"పోయినాయా? నెట్‌వర్క్ లేదంటా ఉండె గదా?"

"ఉండాది. మొదటినుంచీ ఉండాది. ఏం జరిగినా ఆ ఒక్క మాటే వచ్చేట్టు రాసింది నేను. వేరే వేరేగా రాసేదానికి బద్ధకమయి."

ఈశ్వరమ్మ గుట్టవైపు చూసింది.

"అయితే గుట్ట?"

"అక్కర్లేదక్కా. ఒక్క దినం కూడా ఎక్కాల్సిన పని లేకుండె."

తిడుతుందనుకుంది రోజా. తిడితే బాగుండునని కూడా అనుకుంది. ఈశ్వరమ్మ తిట్టలేదు.

"నా మోకాలిదేముందిలే, కట్టు కడితే పోతాది," అంది మెల్లిగా. "కానీ పాపా, నేను వీళ్ళందరికీ ఇన్ని దినాలూ ఏం చెప్తా ఉంటినో తెలుసునా? మన ఊరిదాకా ఏదీ రాదు, సిగ్నల్ కూడా రాదు, మన రాతే ఇంత అని చెప్తా ఉంటి. వీళ్ళూ నమ్మిరి. నేనూ నమ్మితి. పోయినాయి, ఆడ తిప్పి పంపినారు అని ఒక్క మాట ఉంటే, నేనే బస్సెక్కి పొయ్యి యాల పంపినారని అడిగి ఉందును గదా."

ఆ మాట రోజాకు సూటిగా తగిలింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆడవాళ్ళెవరూ చూడకుండా ముఖం తిప్పుకుంది.

ఆమె ఇటు తిరిగేసరికి ఈశ్వరమ్మ ఫోన్లో టైమును మళ్ళీ అరగంట ముందుకు జరుపుతోంది.

"అక్కా! అట్లుంటే లెక్క పోదు."

"ఇది మార్చద్దు పాపా. నా ఫోన్ సూసే నేను లేస్తా. నా అలికిడికే అందురూ లేస్తారు. ఇంగా అరగంట ఉండాది గదా అనుకుంటే దూడనిడిసేవాళ్ళుండరు."

"అరగంట ముందుండాదని అందురికీ తెలుసు గదా?"

"తెలుసు. తెలిసీ లేస్తారు. అదే మా ఊరు," అంది ఈశ్వరమ్మ. ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

పుంగనూరు బస్టాండునుంచి రోజా ప్రవీణ్‌కు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. అవతల ప్రవీణ్ ఊపిరి పీల్చుకున్నాడు. "అంతేనా! టైము తిప్పుకునింది ఆమే గదా. ఆపరేటర్ పొరపాటు. రాసి పంపించెయ్యి. మన అప్‌డేట్ సంగతి ఎత్తద్దు. కొత్త కాంట్రాక్టు మాటలు నడస్తాండాయి." రోజా ఊఁ కొట్టింది. ఒప్పుకున్నట్టు ఊఁ కాదు, విన్నట్టు ఊఁ. ఆ తేడా ప్రవీణ్‌కు తెలియలేదు. ఆ రాత్రి పుంగనూరులోనే తన పిన్నమ్మ ఇంట్లో ఉండి, పొద్దున్నే మదనపల్లె బస్సు కాకుండా కుప్పం వెళ్ళేది ఎక్కింది. వెంకటగిరికోట దాటేదాకా ఆ ఒక్క లైను మనసులో రాస్తూ కొట్టేస్తూనే ఉంది. ఆపరేటర్ పొరపాటు. రాస్తే రెండే మాటలు. ఆ రెండు మాటలతో సెంటరు నారాయణస్వామి వాకిట్లోకి నడిచిపోతుంది.

డెయిరీ హెడ్డాఫీసులో మేనేజరు కొండప్ప. మంచివాడే, కానీ నియమమంటే నియమం. రోజా చెప్పబోయేసరికి చెయ్యెత్తి ఆపాడు.

"సూడమ్మా, ఆమె మీద నాకేం కోపం లేదు. అన్ని సెంటర్లకూ చేతనయింది ఆమెకు చేతకాకపోతే నేనేం చెయ్యాల? నెట్‌వర్క్ లేదని వస్తే, లేదని ఆఫీసుకు రాసియ్యల్ల. ఈమె రోజూ గుట్టెక్కతా ఉండాదని హనుమంతు చెప్పె. ఊరికే గుట్టలెక్కి కూర్చుంటారా ఎవరన్నా?"

రోజా వాదన పెట్టుకోలేదు. "సార్, మీ ఫోన్ ఒక్క నిమిషం ఇస్తారా? యాప్ వేసి చూపిస్తాను," అంది. యాప్ వేసింది. పనిలో పనిగా ఫోన్ టైమును అరగంట ముందుకు జరిపింది. తిరిగిచ్చి, "ఒక లెక్క పంపి చూడండి సార్," అంది.

కొండప్ప పంపాడు. తెర చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. "నెట్‌వర్క్ లేదంటాండాదే," అని కుర్చీలోంచి లేచాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి ఫోన్ పైకెత్తి పట్టుకుని మళ్ళీ నొక్కాడు. రాలేదు. తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. అక్కడా రాలేదు. రోజా వెనకే వెళ్ళింది. కొండప్ప ఫోన్ని అటూ ఇటూ తిప్పుతూ మేడ మెట్లు ఎక్కసాగాడు.

"సార్," అంది రోజా. "వైఫై పెట్టె మీ టేబుల్ మీదే ఉండాది."

కొండప్ప ఆగాడు.

"నెట్‌వర్క్ ఉండాది సార్. యాప్ అబద్ధం చెప్తాండాది. ఆ అబద్ధం రాసింది నేను. మీకు మేడ ఉండాది, మేడ ఎక్కినారు. ఆమెకు గుట్ట ఉండె."

కొండప్ప మెట్టు మీదే నిలబడి చేతిలోని ఫోన్ని చూశాడు. తర్వాత తన కాళ్ళు ఉన్న చోటు చూసుకున్నాడు. దిగొచ్చి, గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. "మూడు వారాలా?" అన్నాడు. రోజా తలూపింది. "కూర్చోమ్మా. మొదటినుంచి చెప్పు," అన్నాడు.

రోజా చెప్పింది. తిప్పిన గడియారం, విరిగిన పాలు, తను రాసిన మార్పు, అన్నీ. దీనికి ఈశ్వరమ్మ టైము మార్చుకోనక్కర్లేదనీ, లెక్క పంపే ముందు యాప్ సర్వరునే టైమెంతని అడిగి, ఆ టైమే వేసుకుంటే చాలనీ, అది మొదటే చెయ్యాల్సిన పద్ధతనీ చెప్పింది. ఊరి గడియారం ఎట్లా ఉన్నా కుప్పానికి వచ్చే నష్టం లేదంది. కొండప్ప ఆమె ముందే నారాయణస్వామికి ఫోన్ చేశాడు. "సెంటరు ఆడనే ఉంటాది స్వామీ. తప్పు మా పక్కనే ఉండాది," అన్నాడు. రిపోర్టులో రోజా కూడా అదే రాసింది, తన పేరు పెట్టి.

ప్రవీణ్ ఆమెతో మాట్లాడడం మానేశాడు. తర్వాత మాట్లాడక తప్పలేదు, ఎందుకంటే కొండప్ప ఫోన్ చేసి, యాప్‌లోని మాటలన్నీ మళ్ళీ రాయించండి, ఆ అమ్మాయి చేతే రాయించండి అన్నాడట. రోజా కూర్చుని ఒక్కొక్క తప్పుకూ ఒక్కొక్క మాట రాసింది. సర్వరు పలకకపోతే ఒకటి. పాస్‌వర్డ్ తప్పితే ఒకటి. నిజంగా నెట్‌వర్క్ లేకపోతే ఒకటి. తప్పు ఆఫీసుదైతే, తప్పు మాది అని ఒకటి. టైము తేడా దగ్గరికొచ్చేసరికి రాసి, కొట్టేసి, మళ్ళీ రాసింది. ఆ రోజు భోజనానికి కూడా లేవలేదు.

కొత్త యాప్ ఊళ్ళకు చేరిన సాయంత్రం ఈశ్వరమ్మ ఫోన్ చేసింది. వెనక ఆడవాళ్ళ మాటలు, క్యాన్ల చప్పుడు.

"పచ్చ టిక్కు పడింది పాపా. కింద ఏమో రాసుండాది. సదువుతా, ఉండు," అని కూడబలుక్కుంటూ చదివింది. "మీ గడియారం అరగంట ముందుంది. పరవాలేదు. మీ లెక్క మాకు చేరింది."

"అంతే అక్కా."

"మా సంగతి కుప్పంలో గూడా తెలిసిపాయనే!" అని ఈశ్వరమ్మ నవ్వితే వెనక వరసంతా నవ్వింది. నవ్వు తగ్గాక గొంతు తగ్గించి అడిగింది. "ఇది రాసిందెవరమ్మా?"

"నేనే అక్కా."

"ఆ పాత మాట రాసిందీ నువ్వే గదా?"

"నేనే."

"ఇది నిజం గాబట్టి బాగుండాది," అంది ఈశ్వరమ్మ. "ఉంటా మల్ల. వ్యాను వచ్చే పొద్దాయ."

రోజా ఆఫీసు గోడ మీది గడియారం చూసింది. మదనపల్లెలో ఇంకా అయిదే అయింది.